తాళము పడిన సరస్వతి

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో పుస్తకప్రియులకు కొదువ లేదు. ఏ వీథిని చూచినను జీవితమంతయు చదువుతో గడపిన పెద్దమనిషి ఒక్కడైన కన్పట్టును. ఆయన యింట అద్దాల బీరువా యుండును. అందు భారత భాగవతములు, శరత్‌బాబు నవలలు, కొడవటిగంటి కథలు వరుసదీరి యుండును. ఆ బీరువాకు తాళముండును. ఆ తాళమును గూర్చియే నేటి మా ఫిర్యాదు.

పుస్తకప్రేమను మేము నిందించుట లేదు. మనుష్యునకు గల ప్రేమలలో అంత నిర్మలమైనది మఱియొకటి లేదు. బాల్యమున బొమ్మల కథలతో మొదలై, యౌవనమున నవలలతో పెరిగి, కంటిచూపు తగ్గిన పిదప కూడ అక్షరమును విడువనిది ఆ ప్రేమ. ఐనను అది మనకెట్లు కలిగినది? కేవలము తన డబ్బుతో కొన్న పుస్తకములు మాత్రమే చదివి చదువరి యైనవాడు మనలో నెవడు? 1947 జూలైలో మద్రాసునుండి వెలువడిన చందమామకు కారకులలో నొకడైన చక్రపాణి తెనాలివాడు. దశాబ్దములతరబడి దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలిలో పుట్టినవాడే. ఆ పత్రికను ఒక యింట కొన్నచో ఇరుగుపొరుగు పిల్లలెల్లరును చదివిరి. చక్రపాణి శరత్తును తెనిగించినది తాను చదివి యానందించుటకు గాదు, బెంగాలీ యెఱుగని మనచేత చదివించుటకు. రుచి యెఱిగినవాడు పదిమందికి పంచుట ఈ గడ్డ సంప్రదాయము.

దీనికి సాక్ష్యము కావలసినచో దూరము పోనక్కరలేదు. 1914లో బెజవాడలో జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. చిన్ననాటినుండియు చూపు చాలని ఆ కవి పరులు చదువవలెనని తపించెను. ఆ సభకు పాటుపడిన అయ్యంకి వెంకటరమణయ్యగారు తమ జీవితమునంతయు ఆ పనికే ధారపోసిరి. నేడు బాపట్ల జిల్లాలో చేరిన వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము వెలసినది. 1929లో గాంధీమహాత్ముడు దానిని దర్శించెను. ఆయన చేతికఱ్ఱ నేటికిని అచ్చట భద్రముగా నున్నది. పాత పత్రికల సంపుటములకై దూరప్రాంతముల పరిశోధకులు ఆ చిన్నయూరికి వచ్చుచుందురు.

తెనాలి తాలూకా పెదపాలెమునకు చెందిన పాతూరి నాగభూషణముగారు ఇంకొక యడుగు ముందుకు వేసిరి. 1935లో వారు పుస్తకములను పడవ కెక్కించి, పెదవడ్లపూడికిని కొల్లూరునకును నడుమనున్న పల్లెలకు కాలువ మీదుగా పంపిరి. పాఠకుడు బండి కట్టుకొని పట్టణమునకు పోనక్కరలేకుండ పుస్తకమే రేవునకు వచ్చి నిలిచినది. ఆనాటివారికి మనకున్న రోడ్లు లేవు, మోటారులు లేవు, మనకున్నంత ధనమును లేదు. లేమిలో వారు పడవ నడపిరి. కలిమిలో మనము తాళము వేసితిమి!

దీనికి మన పుస్తకప్రియులు రెండు సమాధానములు చెప్పుదురు. పరుల చేతికి పోయిన పుస్తకము తిరిగి రాదని పెద్దలు చెప్పిరట! నిజమే. ఆ భయము తీర్చుటకే గదా గ్రంథాలయమున పుస్తకమునకు సంఖ్యయు, పాఠకునకు సంతకమును ఏర్పడినవి? తిరిగి రాదేమో యని యెవ్వరికిని ఇయ్యని పుస్తకము చివర కేమగుచున్నది? యజమాని కన్ను మూసిన యేడాదిలోపల ఇల్లు సర్దుకొనువారు దానిని చిత్తుకాగితములవాని త్రాసులో వేయుచున్నారు. నలుబది యేండ్ల మమకారము కిలోల లెక్కన అమ్ముడుపోవుచున్నది.

రెండవది, అందఱి చేతను ఫోనులుండగా పఠనమందిర మేల యనుట. ఫోనులో పుస్తకములు లేవని మేమనుట లేదు. అచ్చుకు దొరకని పాత తెలుగు గ్రంథములెన్నియో నేడు అందు లభించుచున్నవి, సంతోషమే. కాని ఉన్న దానిని వెదకుటకు ముందు, అది యున్నదని తెలియవలెను గదా! రేపల్లె తాలూకా కావూరున జన్మించిన తుమ్మల సీతారామమూర్తిగారి మహాత్మకథకు 1969లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. ఆ పేరే వినని బాలుడు ఫోనులో దేనిని వెదకును? మన పఠనమందిరములలో నేడు కూర్చుండువారిలో పెక్కురు ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకులు. గైడు పుస్తకము తప్ప వారి చేతిలో మఱియొకటి పెట్టువాడు లేడు. "నాయనా, అలసినపుడు దీనిని రెండు పుటలు చదువు" మని చెప్పదగిన పెద్దమనిషి ఇంటిలో బీరువాకు కాపలా కూర్చున్నాడు.

ఇక ప్రభుత్వపక్షము దోషము. 1948లో మద్రాసు శాసనసభ చేసిన గ్రంథాలయ చట్టము స్వతంత్రభారతమున మొట్టమొదటిది. ఈ మూడు పట్టణములును ఆనాడు ఆ రాష్ట్రములోనివే. పిదప 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చినది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి, పురపాలక సంఘములును పంచాయతీలును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. వసూలు చేయుటలో ఆలస్యము లేదు. జమకట్టుటలోనే బకాయిలని యేండ్లతరబడి ఫిర్యాదులు వినవచ్చుచున్నవి. పుస్తకములకని ప్రజలిచ్చిన సొమ్ము స్థానిక సంస్థలకు ఆదాయము కాదు; వారి చేతిలోని నిక్షేపము. ఒకడు నమ్మి దాచిన సొమ్మును వేఱొక ఖర్చునకు వాడుకొన్న గుమాస్తాను న్యాయస్థానము మన్నించునా? గుమాస్తాకు తగని పని సంస్థల కెట్లు తగును? క్రొత్త పుస్తకములు లేవు, సిబ్బంది చాలరు, కప్పు కురియుచున్నదను మాటలకు మూలమిచ్చటనే యున్నది.

కాన పుస్తకప్రియులకు మా విన్నపము మూడు మాటలు. ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను పద్దు చూడుడు. ఆ సొమ్ము ఎంత వసూలైనది, ఎంత జమపడినది అని 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద వ్రాసి యడుగుడు. ప్రశ్న వేయు పౌరుడు లేనిచోట పద్దు సరిపడదు. రెండవది, మీరు జీవించియుండగానే మీ పుస్తకములకు పట్టిక వ్రాసి, మరల మరల చదువుకొనునవి ఉంచుకొని, తక్కినవి మీ యూరి గ్రంథాలయమునకు చేతులార ఇండు. మూడవది, వారమున కొక్క సాయంకాలము అచ్చట కూర్చుండి, వచ్చిన పిల్లవానికి మీకు ప్రియమైన పుస్తకమొకటి చూపుడు.

కొల్లూరు కాలువలో నేడు పుస్తకముల పడవ లేదు. పడవ నడపుమని మిమ్ము నెవ్వరును కోరుట లేదు. బీరువా తాళము తీసి నాలుగు వీథుల దూరము నడువుడని మాత్రమే కోరుచున్నాము. ఆపాటి శ్రమకు ఓర్వని ప్రేమను పుస్తకప్రేమ యనుటకు మాకు నోరు రాదు.