వాస్తుశిల్పి కృతిసంపుటము వట్టి బొమ్మల పుస్తకమా?

కవి కావ్యములన్నియు నొక్క సంపుటముగా నచ్చు వేయించినచో భాషాసేవ యందురు. వాగ్గేయకారుని కృతులను స్వరపఱచి ప్రకటించినచో సంగీతసేవ యందురు. ఒక వాస్తుశిల్పి కట్టిన యిండ్లను, భవనములను పటములతో నొక గ్రంథమునఁ జేర్చినచో మాత్రము, "కట్టడము కన్నులయెదుట నుండఁగాఁ బుస్తకమేల? ఇది ధనికుల బల్లమీఁది యలంకారము" అని పెదవి విఱుచువారు చదువుకొన్నవారిలోనే పెక్కురు గలరు. ఈ యభిప్రాయమును మేము ఖండింపక తప్పదు.

కట్టడము ఎల్లకాలము కన్నులయెదుట నుండునా? అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైటు బఫెలో పట్టణమున 1906లో ముగించిన లార్కిన్ కార్యాలయభవనము 1950లో నేలమట్టమయ్యెను. దాని పటములు మాత్రము నిలిచినవి. ఏలయనఁగా 1910, 1911 సంవత్సరములలో బెర్లినునందు వాస్మూత్ అను ప్రచురణకర్త రైటు పనులను నూఱు పెద్ద పలకలుగా నచ్చొత్తించెను. ఆ యిండ్లలో నొక్కనాఁడును అడుగిడని యూరపు యువశిల్పులు వానిని బల్లలపైఁ బఱచుకొని, గదికిని గదికిని నడుమ గోడ లేకయే యిల్లెట్లు కుదురునో, చూరు నెంతవఱకు సాగఁదీయవచ్చునో నేర్చుకొనిరి. ముఖద్వారపు ఛాయాచిత్రమొక్కటి చూచినచో నీ విద్య యలవడునా? ప్లానను నేలపటమును జదువనేర్చినవారికిఁ గదా, వంటయింటినుండి భోజనశాల కెన్ని యడుగులో, ఏ గదికి గాలి రాదో తెలియుట! గాలిలేని వంటయింటఁ బొగకు దగ్గుచు దినములు గడపు గృహిణులకు ఇది యలంకారపు విషయము కాదు.

అట్లని యచ్చయిన ప్రతి సంపుటమును మెచ్చుకొనుఁడని మా మతము కాదు. పైఁ జెప్పిన సంపుటమునకు మూలములైన చిత్రములలోఁ బెక్కింటిని గీసినది మేరియన్ మహోనీ యను స్త్రీ. 1894లోనే మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున వాస్తుశాస్త్రమునఁ బట్టము పొందిన విదుషి. సంపుటము మాత్రము రైటు పేరిటనే వెలసెను. ఆమెయే పిమ్మట భర్త గ్రిఫిను నిర్మాణయోజనకుఁ గాన్‌బెరా నగరపు చిత్రములు గీసి, 1936లో మన లక్నోకు వచ్చి పనిచేసెను. స్త్రీవిద్యను గూర్చి సభలలో నుపన్యసించు మనము, బొమ్మక్రింద గీసినవారి పేరున్నదా యని యడుగకుండుట యేమి న్యాయము? లోపముల మాటయు నిట్టిదే. రైటు సెలయేటిపైఁ గట్టిన ఫాలింగ్‌వాటర్ యింటి వసారాలు క్రిందికి వంగఁగా 2002లో ఉక్కుత్రాళ్లతో బిగింపవలసి వచ్చెను. ఆ వంపును దాఁచు గ్రంథము స్తోత్రపాఠమే గాని చరిత్ర కాదు.

ఇది పరదేశపు గొడవ యనరాదు. హైదరాబాదున మూసీయొడ్డున విన్సెంట్ ఎష్ రూపొందించిన ఉస్మానియా ఆసుపత్రిలోనికి 2020 జూలైలో వాననీరు చొరఁగాఁ బాతభవనమును ఖాళీ చేయించిరి. కూల్చుఁడని కొందఱు, నిలుపుఁడని కొందఱు వాదించిరి, వ్యాజ్యములు నడచినవి. వాదించిన పౌరులలో గుమ్మటములను బస్సులోనుండి చూచినవారే గాని, నేలపటమును జేతఁబట్టి చూచినవా రెందఱు? హైకోర్టు, సిటీ కళాశాల, కాచిగూడ రైలుస్టేషను గూడ నాతని కల్పనలే. ఈ నాల్గింటి కొలతలను, పనివారి పేర్లను, మరమ్మతుల లెక్కలను జేర్చి తెలుగున నొక సంపుటమును మన విశ్వవిద్యాలయములు ప్రకటింపవలెను. వెల యెక్కువ యగునందురా? జిల్లా గ్రంథాలయమునకొక ప్రతి చాలును.