సముద్రపు టంచున రాతితొట్టి

ఇంగ్లండు తూర్పుతీరమున, సఫోక్ ప్రాంతమందలి కోవ్‌హైత్ అను కుగ్రామములో సెయింట్ ఆండ్రూ చర్చి కప్పు లేక, కిటికీల కద్దములు లేక, చెకుముకిరాళ్ల గోడలతో మాత్రము నిలిచియున్నది. ఆ శిథిలకుడ్యముల నడుమనే, ప్రాచీన గోపురము నానుకొని, 1672లో కట్టిన చిన్న రెల్లుకప్పు చర్చి యొకటి కలదు. అంతటి మహానిర్మాణమును పోషింపజాలని యా యూరివారు అనుమతి పొంది, కప్పు దింపి, ఆ సామగ్రితోనే తమ శక్తికి తగినంత గుడి కట్టుకొనిరి. 15వ శతాబ్దపు బాప్తిస్మపు తొట్టిని మాత్రము ఆ చిన్నకప్పు క్రిందనే నిలుపుకొనిరి. శిథిలాలయముల విషయమున ఇంతకంటె వివేకవంతమైన నిర్ణయమును నే నెరుగను.

ఆ సీమలో ఆనాటి తొట్లు ప్రాయికముగా అష్టకోణములు: సృష్టికి ఏడు దినములు కాగా, ఎనిమిదవది క్రీస్తు పునరుత్థానమునకును నూతనజీవమునకును గుర్తు. పలకలపై దేవదూతలు, సువార్తికుల చిహ్నములు. కాండము చుట్టును కూర్చున్న సింహములు. లోపల శిశువును నిండుగా ముంచుటకు చాలినంత లోతు, నీరు ఇంకిపోకుండ సీసపు రేకు, అడుగున ఆ నీటిని భూమిలోనికి విడుచు రంధ్రము. ఈస్టరునకు ముందు రాత్రి మంత్రించిన జలమును అందులోనే నిలువయుంచెడివారు. ఆ జలమును దొంగిలించి క్షుద్రప్రయోగములకు వాడుదురను భయముచేత, తొట్లకు మూతవేసి తాళము బిగింపవలెనని 1236లో కాంటర్బరీ ఆర్చిబిషప్పు ఎడ్మండ్ శాసించెను. నేటికిని అనేకములగు తొట్ల అంచున, ఇనుపకొక్కెములను పెరికిన చోట, రాయి పెచ్చులూడి కనబడును. నా దృష్టిలో ఆ పెచ్చు ఏ శిల్పమునకును తీసిపోదు. నీటిని గూర్చి ఒక జాతి పడిన భయభక్తులకు అది చేవ్రాలు.

పిమ్మట విగ్రహభంజకులు వచ్చిరి. 1644లో విలియం డౌసింగ్ అనునతడు పార్లమెంటు ఆజ్ఞను చేతబట్టుకొని సఫోక్ అంతటను తిరిగి, చర్చికిటికీల చిత్రములను, శిల్పములను పగులగొట్టించెను. కోవ్‌హైత్ చర్చియు తప్పించుకొనలేదు. మరుసటి యేడు వెలువడిన ఆరాధనవిధి, ద్వారము చెంత నున్న పాతతొట్ల స్థానమునే మూఢాచారమని నిషేధింపగా, సామాన్యమగు పళ్లెములలో శిశువులకు బాప్తిస్మ మిచ్చిరి. రాజ్యము మరల రాజు చేతికి వచ్చిన 1660 తరువాత తొట్లు తమ తావులకు చేరినవి. చేరనివి కొన్ని గుఱ్ఱముల కుడితితొట్లైనవి, కొన్ని తోటలలో పూలకుండీలైనవి. సీసముతో పోతపోసినవి పెక్కు కరగిపోయినవి.

ఇట్టి చరిత్రను చూపి, శిథిలాలయములందలి తొట్లన్నిటిని మ్యూజియములకు తరలింపుడని కొందరు విజ్ఞులు వాదింతురు. వారి ఆందోళన నిజమైనది. వర్షమును మంచును సున్నపురాతిని పొరలు పొరలుగా ఒలిచివేయును. అయినను వారి తీర్పును నే నంగీకరింపను. తొట్టి చిత్రపటము కాదు, అది పాత్ర. ఊరిలో పుట్టిన శిశువును జ్ఞానతల్లిదండ్రులు ద్వారమున తెచ్చి, పేరు పలికి, దాని జలమున ముంచినప్పుడే దాని శిల్పమునకు అర్థము కలుగును. నాలుగు తరములవారు ఒకే రాతిని తాకిరను బాంధవ్యము గాజుబీరువాలో నిలువదు.

కోవ్‌హైత్‌లో మరియొక విపత్తు కూడ నున్నది. ఉత్తరసముద్రము అచ్చటి ఇసుకగట్లను ఏటేట కొన్ని మీటర్ల చొప్పున కోసికొనుచున్నది; సముద్రమునకు పోవు బాట గట్టు అంచున తెగి ఆగిపోయినది. ఒకనాటికి అల చర్చి పునాదులను తాకక మానదు. అప్పుడు తొట్టిని కదల్పకుండుట భక్తి కాదు, అపరాధమే. కాని అది పోవలసినది ప్రదర్శనశాలకు కాదు, శిశువులకు నేటికిని బాప్తిస్మ మిచ్చుచున్న సమీపగ్రామపు చర్చికి. అచ్చట ద్వారము చెంతనే నిలిపి, సీసపు రేకు సరిచేసి, అడుగురంధ్రమును మరల మట్టిలోనికి తెరువవలెను. సుత్తెలు చెక్కివేసిన ముఖములను మాత్రము క్రొత్తగా చెక్కింపరాదు.