వార్ధక్యం – జ్ఞాపకశక్తి

వయసు పైబడిన కొద్దీ మరపు సహజం. తాళపుచెవి ఎక్కడ పెట్టామో తోచకపోవడం, ఎరిగిన మనిషి పేరు గుర్తుకు రాకపోవడం పెద్దలకు అనుభవమే. ఇది డిమెన్షియా వ్యాధికి నాంది ఏమోనని వారు భయపడతారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి ఆ వ్యాధి ఉన్నదని 2023లో వెలువడిన అంచనా. అందువల్ల ఆ భయం నిరాధారం కాదు. అట్టివారికి లోకం చేసే ఉపదేశం ఒక్కటే: “నడవండి, ధ్యానం చేయండి, జ్ఞాపకశక్తి పెరుగుతుంది.” ఈ మాటలో సత్యమెంతో విచారించాలి.

అమెరికాలో మతిమరుపు పెరుగుతోందని బాధపడుతున్న 585 మంది వృద్ధులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2022లో ప్రచురితమయ్యాయి. వారి వయసు 65 నుండి 84 సంవత్సరాలు. వారిలో ఒక బృందానికి ధ్యానం, మరొక బృందానికి వ్యాయామం, ఇంకొక బృందానికి రెండూ నేర్పారు. నాలుగవ బృందానికి ఆరోగ్య పాఠాలు మాత్రమే చెప్పారు. ఆరు నెలల తరువాత పరీక్షించగా జ్ఞాపకశక్తిలో ఆ బృందాల నడుమ చెప్పుకోదగిన భేదం కనిపించలేదు.

అంతమాత్రాన వ్యాయామం వ్యర్థమని భావించరాదు. నడక గుండెకు మేలు చేస్తుంది, కండరాలకు బలమిస్తుంది. ధ్యానం మనసుకు ఊరటనిస్తుంది. కొన్ని నెలల సాధన వేరు, జీవితకాలపు అలవాటు వేరు. 2024లో లాన్సెట్ సంఘం ప్రకటించిన నివేదిక, డిమెన్షియాకు దారితీసే, మార్చదగిన 14 కారణాలలో శారీరక శ్రమ లేకపోవడాన్నీ చేర్చింది. అధిక రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, చూపు మందగించడం, ధూమపానం, వాయుకాలుష్యం, ఒంటరితనం, చదువు కొరవడటం కూడా ఆ పట్టికలో ఉన్నాయి.

వీటిలో చాలావాటిని వృద్ధులు తమంతట తాము తొలగించుకోలేరు. బాల్యంలో బడి ముఖమెరుగని అవ్వకు నాడు చదువు చెప్పించవలసినది సమాజం. గాలిని శుభ్రంగా ఉంచవలసినది ప్రభుత్వం. వినికిడి యంత్రం సమకూర్చవలసినది, కంటి శుక్లానికి శస్త్రచికిత్స చేయించవలసినది, పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడవలసినది కుటుంబం. ఆ బాధ్యతలు విస్మరించి, “ధ్యానం చేయలేదు కనుకనే మతి తప్పింది” అని పెద్దలను నిందించడం అన్యాయం.

కాబట్టి నడకను, ధ్యానాన్ని మతిమరుపుకు మందులని చెప్పి పెద్దలకు లేనిపోని ఆశలు కల్పించరాదు. వాటిని ఆరోగ్యం కోసం చిన్నతనం నుండే అలవరచుకోవాలి. మరపు నిత్యకృత్యాలకు అడ్డుతగిలినప్పుడు “వయసు మళ్లింది కదా” అని ఊరుకోక వైద్యునికి చూపించాలి. జ్ఞాపకం సన్నగిల్లిన పెద్దలకు ముందుగా కావలసినది ఉపదేశం కాదు, తోడు.