ద్రాక్షాపాకం కాని ద్రాక్షరసం



మన ఊళ్ళలో ‘వైన్స్’ అని పెద్ద అక్షరాలతో బోర్డు కట్టిన కొట్టు ముందు నిలబడి, ఒక సీసా వైను కావాలని అడిగి చూడండి. కొట్టువాడు మనవంక వింతగా చూసి, వెనుక అరలో దుమ్ముపట్టిన సీసా ఏదైనా ఉందేమోనని వెదకుతాడు, లేదా లేదనేస్తాడు. అక్కడ అమ్ముడుపోయేది విస్కీ, బ్రాందీ, బీరు. ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసే పానీయం పేరు మన వాడుకలో మద్యపు దుకాణానికి పర్యాయపదమై కూర్చుంది. అర్థసంకోచం, అర్థవ్యాకోచం అంటూ ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠం చెప్పాను. వస్తువు లేకుండానే పేరు ఊరూరా వ్యాపించిన ఈ ఉదాహరణ మాత్రం తరగతిలో ఉండగా నాకు తట్టలేదు.

ఈ టపా ఆ వస్తువును గురించి. నా పూర్వ విద్యార్థులు కొందరు ఈ పుటలు చదువుతారని తెలిసే వ్రాస్తున్నాను. మూడేళ్ళ క్రిందట, అమెరికాలో అమ్మాయి ఇంట ఉండగా, నేను వైను రుచి చూడడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. త్రాగడం అనకుండా రుచి చూడడం అంటున్నది మాట తప్పించడానికి కాదు. ఆ రెండింటికీ ఉన్న భేదమే నేను చెప్పదలచుకొన్న విషయం.

ముందు నా సంకోచాన్ని చెప్పాలి. 1991, 92 సంవత్సరాలలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్నప్పుడు, సాయంత్రాలు పెద్దవాళ్ళచేత అక్షరాలు దిద్దించిన ఉపాధ్యాయులలో నేనొకణ్ణి. దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఎదిరించి నిలిచినది 1992లో. ఆ నిప్పు జిల్లా అంతటా, ఆపైన రాష్ట్రమంతటా ప్రాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, అన్నీ మా కళ్ళ ముందు జరిగాయి. మా రాత్రిబడికి పలక చంకన పెట్టుకొని వచ్చే ఒక తల్లి వారం తిరగకుండానే రావడం మానేసింది. ఏమని విచారిస్తే, కూలిడబ్బు ఇవ్వనన్నందుకు పెనిమిటి ఆమె కుడిచేయి విరిచాడని ప్రక్కింటావిడ చెప్పింది. అంతకు రెండు రోజుల ముందే ఆ చేత్తో ఆమె తన పేరు వ్రాసి నాకు చూపించింది. ఇటువంటివి చూసినవాడికి మద్యమున్న గాజుగ్లాసు ముట్టుకోవడమే అపచారంగా తోస్తుంది. నాకూ అట్లాగే తోచింది.

అమ్మాయీ అల్లుడూ ఉండేది కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున. ఆ ప్రాంతపు తెలుగువారికి లివర్‌మోర్ అనగానే శివవిష్ణు ఆలయం గుర్తుకు వస్తుంది. ఆలయానికి కొద్ది మైళ్ళ దూరంలోనే ద్రాక్షతోటలున్నాయి. వాటిలో వెంటీ, కన్‌కానన్ కుటుంబాలు స్థాపించినవి 1883 నాటివి. 1920 నుండి 1933 వరకు అమెరికా అంతటా మద్యనిషేధం అమలులో ఉండగా, క్రైస్తవ ఆరాధనకు కావలసిన వైనుకు మినహాయింపు ఉండడంవల్ల కొన్ని తోటలు బ్రతికి బయటపడ్డాయి. ఒక ఆదివారం దర్శనం చేసుకొని తిరిగి వస్తుండగా అల్లుడు, “మామయ్యగారూ, ఊరికే తోట చూసి పోదాం” అన్నాడు. “గుడినుంచి వస్తూనా?” అని మా ఆవిడ మనవరాలిని తీసుకొని చెట్టుక్రింద బల్లమీద కూర్చుండిపోయింది. నేను లోపలికి వెళ్ళాను.

అక్కడ నాకు మొదట కనిపించినది సీసా కాదు, బల్లమీద ఉన్న ఒక పాత్ర. రుచి చూసి ఉమ్మివేయడానికట. మన పూర్వులు తాంబూలానికి వాడిన తమ్మపడిగ వంటిది. ఒక్కొక్క గ్లాసులో పోసినది తీర్థం కంటె కాస్త ఎక్కువ, అంతే. మత్తుకోసం వచ్చినవాడికి ఆ పాత్రతో పనిలేదు. రుచికోసం వచ్చినవాడికే దానితో పని. నా సంకోచం సగం అక్కడ తగ్గింది.

తరువాత వచ్చిన చిక్కు భాషది. ప్రతి వైనుకూ ఒక వివరణ పత్రం ఇచ్చారు. అందులో బ్లాక్‌కరెంటు అని, సీడారు కలప అని, గూస్‌బెర్రీ అని వ్రాసి ఉంది. ఆ పండ్లు నేను పుట్టి ఎరుగను. చుట్టూ ఉన్న మనవాళ్ళు మాత్రం గ్లాసు వాసన చూసి, పత్రం చూసి, “అవును, బ్లాక్‌కరెంటు” అని తలలూపుతున్నారు. పద్యం అర్థం కాకపోయినా వ్యాఖ్యానం చదివి తల ఊపే విద్యార్థులు నాకు జ్ఞాపకం వచ్చారు. ఆ ధోరణి నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు నేనూ ఊపాను.

పెటీట్ సీరా అనే నల్లద్రాక్షతో చేసిన ఎర్ర వైను నోట పోసుకొన్నప్పుడు నాకు స్ఫురించినది నేరేడుపండు. పెదవులూ నాలుకా పట్టేసి, ఆ వెనుక మెల్లగా తీపి జాడ. “నేరేడుపండులా వగరుగా ఉందోయ్” అన్నాను. అల్లుడు ఆశ్చర్యపోయాడు. ఎన్నో ఏళ్ళుగా ‘టానిన్’ అన్న మాట వింటున్నాడట. అది వగరు అని ఎవరూ చెప్పలేదట. ద్రాక్ష తొక్కలో, గింజలో, తొడిమలో, పీపా కలపలో ఉండే ఆ పదార్థం లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి నోటిని ఎండబెడుతుంది. అదే వగరు, ఆయుర్వేదంలో కషాయరసం. టీ ఎక్కువసేపు మరిగితే వచ్చేదీ ఆ జాతిదే. వక్క, కరక్కాయ, పచ్చి జామకాయ తిని పెరిగినవాడికి దీనిని పరిచయం చేయడానికి పాఠ్యపుస్తకం అవసరమా? ప్రతి ఉగాదికీ ఆరు రుచులను ఒక గిన్నెలో కలిపి, ఏది ముందు తగిలింది, ఏది వెనుక నిలిచింది అని ఇంటిల్లిపాదీ ముచ్చటించుకొనే జాతి మనది. అంతకంటె మంచి ప్రాథమిక పాఠశాల ఏముంది?

కనుక నా మొదటి అభిప్రాయం ఇది. వైను నేర్చుకొనే తెలుగువాడు ఎరువు మాటలు వల్లించనక్కరలేదు. నోట నీరూరితే పులుపు, నోరెండితే వగరు. చిక్కదనం సంగతి పలుచని మజ్జిగకూ గడ్డపెరుగుకూ తేడా తెలిసినవారికి వేరే చెప్పాలా? తనకు తట్టినది పనసతొన అయితే పనసతొన అనాలి. తడిసిన మట్టి అయితే తడిసిన మట్టి అనాలి. అబద్ధపు బ్లాక్‌కరెంటు కంటె నిజమైన నేరేడు మేలు.

ఇక్కడ పండితుడికి జరిగిన ఒక చిన్న పరాభవం చెప్పి తీరాలి. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని కవిత్వపాకాలు చెప్పేటప్పుడు, నోట వేసుకోగానే రసమిచ్చేది ద్రాక్ష అని బోధించేవాణ్ణి. నా మనసులో ఉన్నది హైదరాబాదు తోటల పేరు నిలిపిన అనాబ్-ఎ-షాహీ వంటి తినే ద్రాక్ష. వైను ద్రాక్ష అది కాదు. చిన్న గింజంత కాయ, దళసరి తొక్క, లోపల విత్తులు. అయినా తినే ద్రాక్షకంటె తియ్యన. కోతవేళకు దాని రసంలో నూటికి 22 నుండి 26 పాళ్ళు చక్కెర ఉంటుంది. ఆ చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలుగా మారుస్తుంది. ఇంకొక వింత: నల్లద్రాక్షలలో చాలావాటి రసం తెల్లనే. తొక్కతో కలిపి పులియబెడితే రంగూ వగరూ దిగి ఎర్ర వైను అవుతుంది. తొక్క తీసేస్తే కాదు. ఇంతా జరిగి గ్లాసులోకి వచ్చినది మొదటి గుక్కలో దొరకదు. కొబ్బరికాయ కొట్టినట్టు కష్టపడాలి. ద్రాక్షనుండి పుట్టినా వైనుది నారికేళపాకమే.

ఇది పరాయి సంస్కృతి కదా అని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణం చూడమన్నాను. అక్కడ మద్యభేదాలు చెబుతూ, ద్రాక్షరసంతో చేసినదానికి ‘మధు’ అని పేరు పెట్టి, పుట్టిన చోటునుబట్టి కాపిశాయనమనీ హారహూరకమనీ విభజించాడు. కాపిశి నేటి అఫ్గానిస్తాన్‌లోని బేగ్రాం ప్రాంతపు నగరం; ఆ ఊరి పేరునుండి కాపిశాయన శబ్దాన్ని సాధించడానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. ఊరిపేరుతో వైనును గుర్తించే పద్ధతికి ఫ్రాన్సు 1935లో జాతీయస్థాయిలో చట్టం చేసింది. మన ప్రబంధాల అష్టాదశవర్ణనలలో మధుపానమూ ఒకటి. అయితే పాతపుస్తకంలో ఉన్నంత మాత్రాన ఏదీ మంచిదైపోదు. జూదమూ పాతదే. పరాయిది కాదు అన్నంతవరకే ఈ సాక్ష్యం చెల్లుతుంది.

డాబుకోసం చేసే పని కదా అన్నది మరొక ఆక్షేపణ. ఇందులో నిజముంది. సీసా ధర చెప్పనిదే రుచి చెప్పలేనివారిని ఆ దేశంలో చూశాను, మన దేశంలోనూ చూశాను. వారికోసం రెండు సంగతులు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వర్తకుడు సీసాల పేర్లు దాచి ఫ్రాన్సు, కాలిఫోర్నియా వైనులకు పోటీ పెట్టాడు. ఫ్రెంచి నిపుణులు వేసిన మార్కులతోనే తెలుపులోనూ ఎరుపులోనూ కాలిఫోర్నియావే ప్రథమంగా నిలిచాయి. 2001లో ప్రచురితమైన బోర్డో పరిశోధన ఒకటి ఇంకా తమాషా అయినది. వైను శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైనులో వాసనలేని ఎర్రరంగు కలిపి ఇస్తే, వారు దానిని ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. చదివినవారి ముక్కునే కన్ను అంత మోసగించగలిగినప్పుడు, నేర్చుకొనేవాడు సిగ్గుపడవలసినదేమీ లేదు; గర్వపడవలసినదీ లేదు.

అభ్యాసం ఎట్లా అని అడిగేవారికి నేను పాటించే పద్ధతి చెబుతాను. ఒక్క వైనును పట్టుకొని కూర్చుంటే ఏమీ తెలియదు. రెండింటిని ప్రక్కప్రక్కన పెడితే భేదం తెలుస్తుంది. రెండు పద్యాలను పోల్చి చెప్పినప్పుడే శైలి బోధపడినట్టు. గ్లాసు మూడవవంతుకు మించి నింపరాదు. త్రిప్పితే పరిమళం లేవడానికి చోటు కావాలి. రుచిలో పెద్ద పాలు వాసనదే. జలుబు చేసినప్పుడు కూర చప్పగా ఉండడం అందరికీ అనుభవమే. ఎర్ర వైనును గది వేడిమిలో ఇవ్వాలన్న మాట ఐరోపా చలిగదులలో పుట్టినది. 35 డిగ్రీల నెల్లూరు గదిలో అది పనికిరాదు. 16 డిగ్రీల దగ్గరకు చల్లబరచాలి. కారం తిన్న నోటికి ఆల్కహాలు మంట పెంచుతుంది; మా అమ్మాయి చేసిన గోంగూర మాంసంతో ఆ పెటీట్ సీరా కలహించింది. కొంచెం తీపి మిగిలిన తెల్ల రీస్లింగ్ సర్దుకుపోయింది. ఆ సాయంత్రం మనసుకు వచ్చినది నోటుపుస్తకంలో రెండు పంక్తులు తెలుగులో వ్రాసుకొన్నాను. ఇప్పుడు ఆ పుస్తకంలో నలభై పుటలున్నాయి.

ఇక దాచకూడని మాట. ఎర్ర వైను గుండెకు మంచిదని చెప్పుకొని త్రాగేవారున్నారు. నేను ఆ సాకు చెప్పను. మద్యపానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. నిరపాయమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వైనులో నూటికి 12 నుండి 15 పాళ్ళు ఆల్కహాలు. 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాములు. ద్రాక్షనుండి వచ్చినంత మాత్రాన కాలేయం దానిని మన్నించదు. కనుక త్రాగనివారిని మొదలుపెట్టమని నేనెన్నడూ అనను. ఇంట్లో ఆ వ్యసనపు చరిత్ర ఉన్నవారు దూరంగానే ఉండాలి. ఎట్లాగూ త్రాగుతున్నవారికి మాత్రం చెబుతాను: తగ్గించి, గమనించి, నిజం చెప్పుకొంటూ రుచి చూడండి. గమనించేవాడికి ఒక్క గ్లాసుతో గంట గడుస్తుంది.

మరి రాత్రిబడికి రాలేకపోయిన ఆ తల్లికి నేనేమి సమాధానం చెప్పగలను? ఆమె ఎదిరించినది రుచిని కాదు. రుచి అన్న మాటే లేని సరుకును కూలివాడి నోట పోసి, ఆ డబ్బు లెక్కపెట్టుకొనే వ్యాపారాన్ని. ఈ భేదం నాకు నిజమనే అనిపిస్తుంది. కాని తీరికా డబ్బూ ఉన్నవాడు ఈ భేదాన్ని ఎంత సులభంగా తనకు అనుకూలంగా వాడుకోగలడో కూడ నాకు తెలుసు. అందుకే నెలకు ఒకటి రెండు మారులకు మించనని నియమం పెట్టుకొన్నాను. ఊరికి తిరిగి వచ్చాక ఆ సీసా జోలికే పోను.

ఆనాడు తోటలోనుండి బయటికి వస్తే మా ఆవిడ, “ఎట్లా ఉంది?” అని మాత్రం అడిగింది. “నేరేడుపండులా” అన్నాను. “అయితే నేరేడుపండే తినరాదూ?” అంది. దానికి మూడేళ్ళుగా సరైన జవాబు వెదుకుతూనే ఉన్నాను. మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి.