పాత కారు దగ్గుకు కొత్త సామానే మందా?

భీమడోలు: ఒకప్పుడు ఈ జంక్షన్ నుంచి ద్వారకా తిరుమల కొండకు పెళ్లివారిని చేరవేసిన అంబాసిడర్ కార్లు ఇప్పుడు బహు కొద్దిగా మిగిలాయి. 2014లో వాటి తయారీయే ఆగిపోయింది. మిగిలిన పెట్రోలు బండ్ల యజమానులను ఒక జబ్బు పట్టి పీడిస్తుంటుంది. ఇంజను కాసేపు చక్కగా నడుస్తుంది, కాసేపు దగ్గుతుంది. తీరా షెడ్డుకు తీసుకువెళితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. దీనినే మెకానిక్కులు ‘మిస్సింగ్’ అంటారు.

జబ్బు కంటే దానికి జరిగే వైద్యం మరీ విచారకరం. ఒకసారి ప్లగ్గులు, మరోసారి పాయింట్లు, ఆపైన కాయిల్, చివరకు కార్బురేటర్. చేతికి అందినదల్లా మార్చడమే తప్ప కారణం వెతకడం లేదు. వారం తిరిగేసరికి దగ్గు మళ్లీ మొదలు. డబ్బూ పోయె, శనీ పట్టె అన్నట్టుంది యజమాని పరిస్థితి.

ఇది మన ప్రాంతానికే పరిమితమైన బాధ కాదు. పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను, ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారు ఇంజను ఒకే కుటుంబానివి. పాయింట్లు, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి ఏ దేశంలో ఉన్నా జబ్బు తీరు ఒకటే, పట్టుకునే పద్ధతీ ఒకటే.

ఇంజను దగ్గడమంటే ఏదో ఒక సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడం. వాల్వు కాలిపోతే దగ్గు విడవకుండా ఉంటుంది. వచ్చిపోయే దగ్గుకు మాత్రం నిప్పురవ్వ దారిలోనో, పెట్రోలు దారిలోనో కారణం ఉండటమే ఎక్కువ. కనుక అది ఎప్పుడు వస్తున్నదన్నదే అసలైన ఆధారం.

కొల్లేటి మంచుకు తెల్లవారుజామున దగ్గి, వేడెక్కాక సర్దుకుంటే డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మనో, సన్నని చీలికనో, పాత ప్లగ్గు వైర్లనో అనుమానించాలి. చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే, వైర్ల నుంచి బయటికి దూకే నీలి మెరుపు దొంగను పట్టిస్తుంది. అలా కాక, బయలుదేరినప్పుడు బాగుండి, తాడేపల్లిగూడెం చేరేసరికి దగ్గి, అరగంట ఆపితే కుదుటపడితే కాయిల్‌నో, కండెన్సర్‌నో పరీక్షించాలి. గతుకుల రోడ్డు మీదే వస్తే ఏదో వైరు వదులైనట్టు. నిండా జనంతో కొండ ఎక్కేటప్పుడు వస్తే పెట్రోలు ఫిల్టరు, పంపు, కార్బురేటర్ జెట్ చూడాలి.

ఎక్కువమంది కంటికి ఆననిది మరొకటుంది. అది డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లకు వెళ్లే చిన్న వైరు. వేగం పెంచినా తగ్గించినా పాయింట్లున్న పళ్లెం కొద్దిగా తిరుగుతుంది. దానితో పాటు వైరూ కదులుతుంది. ఏళ్ల తరబడి అలా కదిలి, పైతొడుగు బాగానే ఉన్నా లోపలి తీగ తెగుతుంది. ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి విడిపోతుంది. ఆ చిన్న వైరు చేసిన తప్పుకు ఖరీదైన కార్బురేటర్ శిక్ష అనుభవిస్తుంది.

పెట్రోలు సంగతీ మారింది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌కు చెమ్మను పీల్చుకునే గుణం ఉంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు చేరవచ్చు. పాత రబ్బరు గొట్టాలు దెబ్బతిని నలకలు రావచ్చు. పాత బండ్లవారు ఈ గొట్టాలపై ఒక కన్ను వేసి ఉంచాలి.

తప్పంతా మెకానిక్కులదే అనడం న్యాయం కాదు. డాక్టరు నాడి చూసినందుకు ఫీజు ఇస్తాం. మందు కొనకపోయినా ఇస్తాం. మెకానిక్కు రెండు గంటలు వెతికి ఒక వైరు బిగిస్తే మాత్రం “ఇంతేనా, దీనికీ డబ్బులా?” అంటాం. వెతికినందుకు కూలి దక్కనప్పుడు సామాను మార్చడం తప్ప అతనికి గత్యంతరం ఏముంది? పూట గడవాలి కదా! లోపం కనిపెట్టడమే అసలు పని అని, దానికి కూలి వేరుగా ఇవ్వాలని యజమానులు ముందు గ్రహించాలి.

దగ్గు వచ్చిన వేళ, వేగం, ఎండ వాన, ఎంత దూరం వెళ్లాక వచ్చిందీ ఒక కాగితం మీద రాసి షెడ్డుకు తీసుకువెళ్లాలి. మెకానిక్కు ఒకసారి ఒక్క భాగమే మార్చి, బండి నడిపి చూసి, ఆ తరువాతే రెండోదాని జోలికి పోవాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే జబ్బు పోయినా ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. తీసిన పాత భాగాన్ని కారణం చెప్పి యజమాని చేతిలో పెట్టాలి.

కొత్త కార్ల లోపాలను చాలావరకు యంత్రం తగిలించి చదువుతున్నారు. పాత కారు దగ్గును చెవితో పట్టే మెకానిక్కులు వృద్ధులైపోతున్నారు. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్ చదివే కుర్రాళ్లకు వారి చేత ఒక్క వారమైనా పాఠం చెప్పిస్తే ఈ విద్య నిలుస్తుంది. ఇది పాత కార్ల మీద ముచ్చట మాత్రమే కాదు. బాడుగ బండి మీద బతికే కుటుంబాలకు తిండి సమస్య. రైలు పట్టాలు దాటుతుండగా ఇంజను దగ్గి ఆగితే ప్రాణాల సమస్య. సంబంధిత అధికారులు, యజమానులు, మెకానిక్కులు ఇకనైనా దృష్టి సారించాలి.