చేతికి పని... చెవికి కథ!

కొబ్బరికాయ ఒలుస్తూ పుస్తకం చదవగలరా? కుదరదు. టీవీ చూడగలరా? చూశారో, కాయకి బదులు చెయ్యి గుచ్చుకుంటుంది. మరి కథ వినగలరా? ఆయ్... భేషుగ్గా వినొచ్చు!

మలికిపురం, ఆ చుట్టుపక్కల ఊళ్లలో బతుకంతా చేతులు ఖాళీలేని బతుకే. తోటలో దింపు, పాకలో ఒలుపు, చెరువుగట్టు మీద రొయ్యలకు మేత, ఇంట్లో కుట్టుమిషను, వంటింట్లో పొయ్యి. దీనికి తోడు ప్రయాణాలు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపు, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లే బస్సు, హైదరాబాదుకైతే రాత్రంతా కూర్చుని చేసే ప్రయాణం. ఇన్ని పనుల్లోనూ ఖాళీగా ఉండేవి రెండే... చెవులు. వాటికోసం పుట్టిందే పాడ్‌కాస్ట్.

పేరు వినగానే ఇదేదో కుర్రకారు వ్యవహారం అనుకోనక్కర్లేదు. ఆపిల్ కంపెనీ ఐపాడ్‌లోని 'పాడ్', బ్రాడ్‌కాస్ట్‌లోని 'కాస్ట్' కలిపి 2004లో బెన్ హామర్‌స్లీ అనే బ్రిటిష్ పాత్రికేయుడు గార్డియన్ పత్రికలో ఈ మాట వాడారు. మాట కొత్తదేగానీ సరుకు పాతదే. అమ్మమ్మల కాలంలో దీన్నే రేడియో నాటకం అన్నారు. తేడా ఒక్కటే. రేడియో తన టైముకి జనాన్ని రమ్మనేది. ఇది జనం టైముకి తనే వస్తుంది. మధ్యలో చుట్టాలొస్తే ఆపుకోవచ్చు, వాళ్లు వెళ్లాక ఆపినచోటి నుంచే అందుకోవచ్చు.

సరే, వినాలని కూర్చుంటే ఏం వినాలి? ఫోన్లో వెతికితే సముద్రమంత కనిపిస్తుంది. అందులో కుటుంబమంతా కలిసి వినదగ్గవి, వింటే నలుగురికి చెప్పాలనిపించేవి కొన్ని చూద్దాం.

ముందు కాస్త నవ్వు

హాస్యం వినాలంటే పాతవాటితోనే మొదలెట్టాలి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ కేంద్రం నాటకాలకు పెట్టింది పేరు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియో చుట్టూ చేరి నాటకం విన్న తరం గోదావరి జిల్లాల్లో ఇంకా ఉంది. వాళ్లనడగండి, మొదట చెప్పే పేరు 'గణపతి'. చిలకమర్తి లక్ష్మీనరసింహం రాసిన హాస్య నవలకు అది నాటకరూపం. చదువబ్బని, పని చేతకాని, తిండికి మాత్రం వెనకాడని గణపతి చేసే ఆగడాలు వింటుంటే నవ్వు ఆగదు. ఇందులో ఇంకో విశేషముంది. చిలకమర్తివారు చూపు పోయాక కూడా రచన మానలేదు. తాను చెబుతుంటే పక్కవాళ్లు రాసేవారు. అలా నోటితో చెప్పే అలవాటున్న రచయిత మాట చెవికి ఇంత ఇంపుగా ఉండటంలో వింతేముంది! పాత రికార్డింగులు యూట్యూబ్‌లో దొరుకుతాయి. శబ్దంలో కాస్త గరగర ఉంటుంది. ఐదు నిమిషాలు ఓపిక పడితే చెవి అలవాటు పడిపోతుంది.

తర్వాతి వంతు మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం'ది. మొదటి భాగం 1924లో వచ్చింది. అంటే నూరేళ్లు దాటిన నవ్వన్నమాట! ఈ పుస్తకం మలికిపురం వాళ్లకు పరాయిది కాదు. పార్వతీశం ఊరు మొగల్తూరు. వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం, ఆ పక్కనే మొగల్తూరు. అక్కణ్నుంచి బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరిన కుర్రాడు, దారిలో మద్రాసులో టోపీ కొనబోయి ఆడవాళ్ల టోపీ కొనుక్కుంటాడు. ఇంగ్లండు దాకా ఆ అమాయకత్వం అతణ్ని వదలదు. రేవు దాటి దూరదేశం వెళ్లిన ప్రతి కుటుంబంలోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. గల్ఫ్‌కు మొదటిసారి విమానమెక్కిన బాబాయినో, పిన్నినో పక్కన కూర్చోబెట్టుకుని వినండి. నవల సగంలో ఉండగానే వాళ్ల కథ మొదలవుతుంది!

టీవీని చెవితో 'చూడొచ్చు'

టీవీ కార్యక్రమాన్ని వినడమేమిటని నవ్వకండి. తెలుగువాళ్లకిది కొత్త కాదు. ఆకాశవాణిలో 'సంక్షిప్త శబ్దచిత్రం' పేరుతో సినిమా మొత్తాన్ని గంటలోకి కుదించి మాటలు, పాటలు వినిపించేవారు. తీర్థాల్లో, పెళ్లిపందిళ్లలో మైకుసెట్ల వాళ్లు 1977 నాటి 'దానవీరశూరకర్ణ' డైలాగులు పెడితే, సినిమా చూడనివాళ్లు కూడా వాటిని కంఠతా పట్టారు. బొమ్మ లేకపోయినా మాటలో సత్తా ఉంటే కథ నిలబడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

ఆ పరీక్షలో ఫస్ట్‌క్లాసులో పాసయ్యేది 'అమృతం'. గుణ్ణం గంగరాజు రూపకల్పనలో 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీ టీవీలో వచ్చిన ధారావాహిక ఇది. అమృతం పాత్రలో మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆపైన హర్షవర్ధన్ కనిపించారు. మనిషి మారినా జనం చూడటం మానలేదు. పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు స్థిరంగా ఉండటం అందుకో కారణం. 2018లో ఆయన కన్నుమూశారు. ఆ గొంతు మాత్రం ఇప్పటికీ వంటిళ్లలో వినిపిస్తూనే ఉంది. ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి. చాలావరకు ఏ భాగానికి ఆ భాగమే ఒక కథ కాబట్టి ఎక్కణ్నుంచైనా మొదలెట్టొచ్చు. హాస్యమంతా మాటల్లోనే నడుస్తుంది. ఫోను గట్టు మీద పెట్టి గిన్నెలు తోముకుంటూ వినొచ్చు. 2020లో జీ5లో వచ్చిన 'అమృతం ద్వితీయం' మాత్రం పాత్రలతో పరిచయం అయ్యాక వింటేనే బాగుంటుంది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే దూరదర్శన్ 'ఆనందోబ్రహ్మ'. ధర్మవరపు సుబ్రహ్మణ్యం మాటవిరుపు వినడానికే దాన్ని వెతకొచ్చు.

అమెరికాలో ఈ పద్ధతి మరో అడుగు ముందుకేసింది. 'ది ఆఫీస్' అనే హాస్య ధారావాహికలో నటించిన జెన్నా ఫిషర్, ఏంజెలా కిన్సే అనే ఇద్దరు స్నేహితురాళ్లు 2019లో 'ఆఫీస్ లేడీస్' పేరుతో పాడ్‌కాస్ట్ పెట్టారు. ఒక్కో ఎపిసోడ్ మళ్లీ చూసి, తెరవెనక కబుర్లు చెప్పుకుంటారు. ఇంగ్లిషు అలవాటున్న కాలేజీ పిల్లలకు సరదాగా ఉంటుంది. అమృతవిలాస్ బృందం ఒకచోట చేరి అలాంటి కబుర్లు చెబితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

కథ కావాలా... కబురు కావాలా?

కథల విషయానికొస్తే మొదట చెప్పాల్సిన పేరు 'హర్షణీయం'. తెలుగు కథలు చదివి వినిపించడంతో పాటు రచయితలతో, అనువాదకులతో సంభాషణలూ ఇందులో ఉంటాయి. కథ విని, వెంటనే అది రాసినవారి మాట వినడం పుస్తకంలో దొరకని సుఖం. నేపథ్యంలో హోరుమనే సంగీతం, నాటకీయమైన అరుపులు ఆశించేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. నిదానంగా, పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది. రాత్రి బస్సు ప్రయాణానికి ఇంతకంటే మంచి తోడు దొరకదు.

కబుర్లు ఇష్టపడేవాళ్లకు కిరణ్‌ప్రభ టాక్‌షోలు. కాలిఫోర్నియా నుంచి 'కౌముది' అంతర్జాల మాసపత్రిక నడిపే ఆయన రచయితలు, సినీ కళాకారులు, చరిత్రపురుషుల జీవితాలను భాగాలు భాగాలుగా చెబుతారు. కల్పన కాకపోయినా నవలలాగే లాక్కెళతాయి. తాతయ్యలకు, అమ్మమ్మలకు మొదట పరిచయం చేయాల్సింది ఇదే. గొంతు స్పష్టం, మాట నిదానం, భాష ఇంట్లో మాట్లాడుకునేదే.

పూర్తి పుస్తకాలు వినాలనుకుంటే తెలుగు శ్రవణ పుస్తకాల కోసమే ఉన్న 'దాసుభాషితం' యాప్ చూడొచ్చు. దర్శకుడు పూరి జగన్నాథ్ 2020లో మొదలెట్టిన 'పూరి మ్యూజింగ్స్' ఇంకో రకం. ఒక్కోటి కొద్ది నిమిషాలే. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడతారు. పెద్దవాళ్లు విని, ఇంట్లో పిల్లల ముందు పెట్టాలో వద్దో తేల్చుకోవాలి.

పాకెట్ ఎఫ్‌ఎం, కుకూ ఎఫ్‌ఎం లాంటి యాప్‌లలో ధారావాహికలు కుప్పలుతెప్పలు. ఒకప్పుడు వారపత్రికల సీరియల్ కోసం బడ్డీకొట్టు దగ్గర కాచుకున్నవాళ్లకు ఆ రుచి తెలుసు. సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపేస్తారు! అయితే ఒక జాగ్రత్త. మొదటి భాగాలు ఉచితమంటారు, రుచి మరిగాక డబ్బులడుగుతారు. చిన్నపిల్లల చేతిలో ఫోనుంటే చెల్లింపులకు తాళం వేసి ఉంచండి.

ప్రపంచంలోకి తొంగిచూస్తే...

రేడియో కథకు ఆయుష్షెంతో తెలియాలంటే బ్రిటన్ వైపు చూడాలి. 'ది ఆర్చర్స్' అనే పల్లెటూరి కథ 1951 జనవరి 1 నుంచి బీబీసీలో నడుస్తూనే ఉంది. రైతులకు సాగు కబుర్లు చెప్పాలన్న ఉద్దేశమూ మొదట్లో అందులో ఉండేది. ఆకాశవాణి పాడిపంటల కార్యక్రమం విన్నవాళ్లకు ఆ ఎత్తుగడ వెంటనే అర్థమవుతుంది. 2012లో మొదలైన 'వెల్‌కమ్ టు నైట్ వేల్' ఇంకో తమాషా. ఎడారిలోని ఒక వింత ఊరి రేడియో వార్తలన్నట్టు సాగే కల్పన. 2014లో వచ్చిన 'సీరియల్' కల్పన కాదు. ఒక పాత హత్యకేసును వారంవారం తవ్వుతూ పోయింది. పాడ్‌కాస్ట్ అంటే ఏమిటో తెలియని కోట్లమందికి ఆ మాట నేర్పింది అదే.

చెప్పకపోతే పోతుంది!

ఇంతకీ, విన్నదాన్ని పనిగట్టుకుని ఇంకొకరికి ఎందుకు చెప్పాలి? ఎవరికి నచ్చింది వాళ్లు వింటారు కదా?

కారణముంది. ఫోను తనంతట తాను ముందుకు తోసేది ఎక్కువమంది నొక్కినదాన్ని. నెమ్మదిగా మంచి కథ చెప్పేది ఎక్కడో అడుగున పడి ఉంటుంది. దానికి పోస్టరుండదు, ప్రకటన ఉండదు. ఒకరు విని ఇంకొకరికి చెబితేనే బతుకుతుంది. తెలుగులో ఇలాంటివి చేసేవాళ్లలో చాలామంది ఇష్టంకొద్దీ చేస్తున్నవాళ్లే. వినేవాళ్లు లేరనిపించిన రోజున వాళ్ల మైకు మూగబోతుంది.

రెండో కారణం ఇంకా దగ్గరిది. కోనసీమలో ఇంటికొకరు కాకపోయినా వీధికి కొందరు కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, ఖతర్‌లోనో ఉంటారు. పరాయి ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేసే ఆడపడుచుకు పుస్తకం పట్టే తీరిక ఉండదు. పక్కమీద వాలాక ఇరవై నిమిషాలు గోదావరి యాస చెవినపడితే అదే ఇంటికి వచ్చినట్టు. అమెరికాలో పుట్టిన మనవడి సంగతి మరొకటి. వాడికి తెలుగు అర్థమవుతుంది, అక్షరాలు రావు. వాడికీ తెలుగు కథకూ మధ్య మిగిలిన ఒకే ఒక్క దారి చెవి. ఇక్కడ ఇంట్లో ఉన్న నాయనమ్మకు అక్షరాలొచ్చు, కంటిచూపు సహకరించదు. ఆవిడకీ అదే దారి. ముగ్గురూ మూడు దేశాల్లో ఉండి ఒకే వారం ఒకే కథ వింటే, ఆదివారం ఫోన్లో 'తిన్నావా, పడుకున్నావా' దాటి మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది. లింకు పంపడం చిన్నపనే. దాని విలువ చిన్నది కాదు.

ఇలా మొదలెట్టండి

* పెద్దవాళ్ల ఫోన్లో యాప్ వేసి వదిలేయకండి. మొదటి కథ మీరే పెట్టి, ఆపడం, మళ్లీ మొదలెట్టడం చూపించండి. ప్రత్యక్ష ప్రసారాలు వినేవాళ్లకు ఆకాశవాణి వారి 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్ సులువు.

* ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రేవులోనూ, బస్సులోనూ సిగ్నల్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

* 'ఇది బాగుంది విను' అని ఊరికే లింకు పంపితే ఎవరూ తెరవరు. ఎందుకు నచ్చిందో రెండు మాటలు కలపండి. ఎంతసేపు ఉంటుందో కూడా చెప్పండి.

* ఒక్కొక్కరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఇల్లు మూగదైపోతుంది. వారానికి ఒక్కటైనా స్పీకరు పెట్టి అందరూ కలిసి వినండి.

* బండి నడిపేటప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్లు వద్దు. కాలవగట్టు రోడ్ల మీద వెనకాల వచ్చే లారీ హారన్ కంటే ముఖ్యమైన కథ ఏదీ లేదు.

* చివరగా, ఇంట్లో కథలు చెప్పే గొంతు ఉంటే దాన్ని ఫోన్లో రికార్డు చేయండి. ఒకప్పుడు వరదొచ్చినప్పుడు ఏం చేశారో, అంతర్వేది తీర్థానికి ఎలా వెళ్లేవారో అడిగి చెప్పించండి. దానికి స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపి, తలుపేస్తే చాలు. ఆ పాడ్‌కాస్ట్‌కు వినేవాళ్లు పదిమందే ఉండొచ్చు. పదేళ్ల తర్వాత మాత్రం ఆ పదిమందికీ దానికంటే విలువైంది ఇంకోటి ఉండదు.