ఆర్‌సీఏ అడిగే మనం ఆర్‌సీటీ గురించి ఎందుకు అడగం?

ప్రొడక్షన్‌లో సర్వరు పది నిమిషాలు పడుకుంటే చాలు, మనవాళ్ళు రూట్ కాజ్ ఎనాలిసిస్ అంటూ మూడు మీటింగులు పెడతారు. ఎందుకు పడింది, ఎవరు చూశారు, మళ్ళీ పడకుండా ఏం చేస్తారు.. జవాబు దొరికేదాకా వదలరు. అదే మనిషి డెంటల్ కుర్చీలో వెనక్కి వాలాక "ఆర్‌సీటీ చెయ్యాలండీ" అనే మాట వినపడగానే, "ఎప్పుడు రమ్మంటారు?" అని మాత్రం అడిగి కార్డు తీసిస్తాడు. హెడ్‌ఫోన్స్ కొనడానికి నెలరోజులు రివ్యూలు చదివిన మనిషే మరి!

ఇంకో రకం జనం కూడా ఉన్నారు. వాట్సాప్‌లో ఎవరో పంపిన "రూట్ కెనాల్ చేయిస్తే క్యాన్సర్" అనే మెసేజీ చదివి, లవంగ నూనె రాసుకుంటూ ఆర్నెల్లు లాగించేస్తారు. సంతకం పెట్టేసే వాళ్ళదీ, పారిపోయే వాళ్ళదీ ఒకటే సమస్య. అసలు ఏం చేస్తారో వాళ్ళకి తెలుగులో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది డాక్టరు, అడగాల్సింది మనం. ఈ రెండూ జరగట్లేదన్నదే నా గొడవ.

చెప్పడం అంత కష్టమా? చూడండి. పన్ను పైన గట్టి పెంకు ఎనామిల్. దాని కింద డెంటిన్. మధ్యలో గుజ్జు, అందులో నరాలూ రక్తనాళాలూ. ఆ గుజ్జు సన్నటి గొట్టాల్లాంటి దారుల్లో వేర్ల చివరిదాకా వెళుతుంది. ఆ దారులే కెనాల్స్. పుచ్చు పై పొరల్లోనే ఉంటే ఫిల్లింగ్‌తో సరి. గుజ్జుదాకా వెళ్ళి అది కోలుకోలేనంతగా వాచినా, చచ్చిపోయినా, ఆ గుజ్జు తీసేసి, దారులు ఫైళ్ళతో సాపుచేసి, మందుతో కడిగి, మళ్ళీ క్రిములు చేరకుండా మూసెయ్యాలి. అంతే! కడిగే మందు ఎక్కువగా సోడియం హైపోక్లోరైటు, అంటే మనింట్లో ఉండే బ్లీచుకి చుట్టమే. మూసేది గట్టాపెర్చా అనే చెట్టు పాలతో చేసిన పదార్థం. 19వ శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుళ్ళకి తొడుగు కూడా దీంతోనే చేశారు. మన ఇంటర్నెట్టు తాతగారి చొక్కా గుడ్డ మన పంట్లో ఉంటుందన్నమాట :)

ఇదంతా చదవడానికి మీకు నిమిషం పట్టిందా? చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

నా కథకొస్తే, కింద దవడ పన్ను చల్లనీళ్ళకి జిల్లుమంటుంటే హైదరాబాదులో ఓ క్లినిక్కుకి వెళ్ళాను. డాక్టరుగారు అద్దం పెట్టి అర నిమిషం చూసి "ఆర్‌సీటీ, క్యాపు" అన్నారు. "ఎందుకండీ, ఫిల్లింగ్ సరిపోదా?" అంటే "అవన్నీ మీకెందుకండీ, మేం చూసుకుంటాం" అన్నారు. బయట కౌంటర్లో అమ్మాయి ఎస్టిమేటూ, ఈఎమ్ఐ వివరాలూ మాత్రం పావుగంట ఓపిగ్గా చెప్పింది. రోగం గురించి అర నిమిషం, వాయిదాల గురించి పావుగంట!

లేచి వచ్చేసి ఇంకో డాక్టరు దగ్గరికెళ్ళాను. ఆవిడ చల్లటి దూది పన్నుకి ఆనించి, తీశాక ఎంతసేపు నొప్పుందో లెక్కపెట్టారు. పక్క పన్నుకీ అలాగే చేసి తేడా చూపించారు. మామూలు పన్నుకి దూది తియ్యగానే జిల్లు పోతుంది. నాకు అర నిమిషం దాటినా పోలేదు. తట్టి చూసి, ఎక్స్‌రే తీసి, పుచ్చు ఎక్కడిదాకా వెళ్ళిందో తెర మీద చూపించి "రూట్ కెనాలే చెయ్యాలి" అన్నారు. అంటే మొదటాయన చెప్పిందే కరెక్టు! "మరి ఆయన మీద నీ ఏడుపేంటి?" అంటారా? జవాబు కరెక్టయితే సరిపోదండీ. నోరు నాది, డబ్బు నాది, జీవితాంతం నమలాల్సింది నేను. ఎందుకో తెలుసుకునే హక్కు కూడా నాదే.

ఇది నా పైత్యం కాదు. సమీరా కోహ్లీ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్ష కోసం మత్తిచ్చిన మనిషికి ఆమె అనుమతి లేకుండా పెద్ద ఆపరేషన్ చేసేసిన కేసది. చికిత్స ఏంటి, ఎందుకు, వేరే దారులేమున్నాయి, ముఖ్యమైన ప్రమాదాలేంటి, చేయించుకోకపోతే ఏమవుతుంది.. ఇవన్నీ చెప్పాకే అనుమతి తీసుకోవాలంది. మన క్లినిక్కుల్లో మాత్రం ఇంగ్లీషులో ఓ కాయితం, కింద "ఇక్కడ సైన్ చెయ్యండి". పల్లె నుంచి వచ్చిన మా పెదనాన్న లాంటి వాళ్ళ చేత ఆ కాయితం మీద సంతకం పెట్టిస్తే దాన్ని అనుమతి అంటారా?

"పేషంట్లకి అర్థం కాదు, టైము లేదు" అనేది పాత పాట. అర్థం కాకపోవడం వల్ల జరిగే నష్టాలు చూడండి మరి.

నొప్పి తగ్గింది కదా అని మానేస్తారు. నొప్పి ఆగిపోతే నయమైనట్టు కాదు, నరం చచ్చిపోయి ఉండొచ్చు. అలర్టులు ఆగిపోయాయంటే సర్వరు బాగుందని కాదు, మానిటరింగ్ ఏజెంటే పోయి ఉండొచ్చు కదా! లోపల క్రిములు వేరు చివర ఎముక దాకా తినుకుంటూ పోతాయి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగేవాళ్ళు ఇంకొందరు. చచ్చిన గుజ్జుకి రక్తమే అందదు, ఇక మందెలా వెళుతుంది? పంటికి చికిత్స చేయించుకునే వీలున్నప్పుడు మామూలు పెద్దవాళ్ళకి పంటినొప్పికి చాలావరకు యాంటీబయాటిక్సే వద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో మార్గదర్శకాలిచ్చింది. జ్వరం వచ్చినా, వాపు ముఖానికో మెడకో పాకినా ఆ సంగతి వేరు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

క్యాపు సంగతీ అంతే. "అది డబ్బు గుంజడానికి" అనుకుని ఎగ్గొడతారు. లోపల అంత తొలిచిన దవడ పన్నుకి పైన కవచం లేకపోతే, ఏ జంతికో కొరికినప్పుడు నిలువునా చీలుతుంది. వేరుదాకా చీలితే పీకడమే. ముందు పళ్ళకైతే అన్నిసార్లూ క్యాపు అక్కర్లేదు. ఈ తేడా చెబితే ఎవడు ఎగ్గొడతాడండీ?

ఇక వాట్సాప్ క్యాన్సర్ కథ. అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే డెంటిస్టు 1920ల్లో చేసిన వాదన దీనికి మూలం. తర్వాత జరిగిన పరిశోధనల ముందు అది నిలబడలేదు. 2018లో దాన్నే తిరగేసి ఓ సినిమా తీస్తే, 2019లో నెట్‌ఫ్లిక్స్ తీసేసింది. దాని పేరు "రూట్ కాజ్" ట! ఆర్‌సీఏలు రాసే మనకి ఇంతకంటే అవమానం ఉందా?

కాబట్టి కుర్చీలో వాలేముందు ఇవి అడగండి:

1. ఫిల్లింగ్ ఎందుకు సరిపోదు? ఏ పరీక్ష చూసి చెబుతున్నారు?
2. ఎక్స్‌రే చూపిస్తారా?
3. ఈ పంట్లో ఎన్ని కెనాల్స్ ఉన్నాయి? (పై దవడ మొదటి పెద్ద పన్నులో నాలుగోది తరచుగా ఉంటుంది, తరచుగా తప్పించుకుంటుంది కూడా. వదిలేస్తే మళ్ళీ మొదటికే.)
4. రబ్బర్ డ్యామ్ వాడతారా? (ఉమ్మి లోపలికి, ఫైలు మీ గొంతులోకి పోకుండా వేసే రబ్బరు తెర.)
5. క్యాపు కావాలా? ఎప్పటిలోగా? ఖర్చు విడిగా ఎంత?
6. చేయించుకోకపోతే ఏమవుతుంది? పీకించుకుంటే తర్వాత ఏంటి?

మంచి డాక్టరు ఈ ప్రశ్నలకి విసుక్కోరు. విసుక్కుంటే లేచి వచ్చెయ్యండి, ఊళ్ళో ఇంకో డాక్టరు దొరుకుతారు. పోయిన పన్ను మాత్రం మళ్ళీ మొలవదు. దానికి బ్యాకప్పు లేదు మరి.